కీలు ఆపరేషన్‌లో పీఆర్‌పీ పెడదామన్నారా? ముందూ వెనకా మీరు చూసుకోవాల్సినవి

ప్లేట్‌లెట్లు అనే మాట డెంగీ పుణ్యమా అని మన జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. వానాకాలం పోయే సరికి ఎవరో ఒకరికి కౌంట్ పడిపోవడం, ఇంకెవరో బొప్పాయాకు రసం తీసుకురావడం మామూలే. అందుకే పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న మా మేనమామకు భుజం ఆపరేషన్ అనుకున్నప్పుడు, డాక్టరు గారు "మీ ప్లేట్‌లెట్లే తీసి కుట్టిన చోట పెడదాం" అనగానే ఆయన బెదిరిపోయాడు. దాన్నే పీఆర్‌పీ అంటారు, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) అని. "నాకు డెంగీ రాలేదు గదబ్బయా, ప్లేట్‌లెట్లు ఎందుకు?" అని దారి పొడుగునా నన్ను అడుగుతూనే ఉన్నాడు.

ఆ రెండు నెలల్లో నెల్లూరు పొగతోటలో మేము ఎక్కిన మెట్లూ దిగిన మెట్లూ లెక్కలేదు. అప్పుడు తెలుసుకున్నవీ, తెలియక చేసిన తప్పులూ మీకు పనికొస్తాయని వరసగా రాస్తున్నాను. ఇది డాక్టరు సలహాకు బదులు కాదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఇంటి దగ్గర ఏం చూసుకోవాలో చెప్పడానికే.

అసలు ఇదేమిటి

పూర్వం చెరువు నీళ్లు బిందెలో పోసి, ఇండుపగింజ అరగదీసి కలిపి, మట్టి అడుక్కి దిగేదాకా ఆగేవాళ్లు. పీఆర్‌పీ తయారీలో జరిగేది ఇంచుమించు అదే, కాకపోతే మిషన్ వేగంగా చేస్తుంది. మీ చేతి నుంచి రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన ట్యూబుల్లో పోసి, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుక్కి పోతాయి. పైన పసుపుపచ్చ ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, తేలుతుంది. ఆ రెండింటి మధ్య పల్చగా తెల్లటి పొర ఒకటి కనపడుతుంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండేది ఆ పొర దగ్గరా, దాని పైనున్న ప్లాస్మాలోనూ. దాన్ని జాగ్రత్తగా పీల్చి తీసేదే పీఆర్‌పీ. 30 మిల్లీలీటర్ల రక్తం తీస్తే చేతికొచ్చేది మూడు నుంచి ఐదు మిల్లీలీటర్లు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. పీఆర్‌పీలో అవి దాదాపు పది లక్షలకు చేరాలని చూస్తారు. రక్తాన్ని గడ్డకట్టించడంతోనే ప్లేట్‌లెట్ పని అయిపోదు. దాని కడుపులో ఉన్న పెరుగుదల కారకాలు దెబ్బ తగిలిన చోటికి బాగుచేసే కణాలను పిలుస్తాయి, కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి. కీళ్లలో చాలా భాగాలకు రక్తం సరిగా అందదు. మోకాలి లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ లోపలి అంచుకు రక్తనాళాలు లేవు. మనం గుజ్జు అని పిలిచే మృదులాస్థికి అసలే లేవు. రక్తం రాని చోట మానడం ఆలస్యం గనక, ఆ రక్తంలోని పనిమంతులను చేత్తో తీసుకెళ్లి దింపడమే ఈ వైద్యం వెనక ఉన్న ఆలోచన.

దీన్ని స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించండి. పీఆర్‌పీలో ఉండేవి ప్లేట్‌లెట్లు. మూలకణాల పేరు చెప్పి బిల్లు పెంచేవాళ్ల దగ్గర ఆగకండి.

జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. మనవాళ్లు కండరం పీకినా, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగినా, కండను ఎముకకు పట్టించే టెండన్ చిరిగినా "నరం పట్టింది" అనేస్తారు. మా మామ కూడా ఆరు నెలలు నరమే అనుకుని తైలం మర్దన చేయించుకున్నాడు. ఎమ్మారై తీస్తే భుజం చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ చిరిగిందని తేలింది. అది కూడా టెండన్ పట్టీయే. ఏళ్ల తరబడి దోటి పైకెత్తి కాయలు కోయడం, బస్తాలు భుజాన వేసుకోవడం దాని మీద పనిచేశాయి.

జబ్బును బట్టి పీఆర్‌పీ విలువ మారిపోతుంది. భుజం టెండన్ కుట్టే ఆపరేషన్‌లో, ముఖ్యంగా చిరుగు చిన్నదీ మధ్యస్తందీ అయినప్పుడు, కుట్టిన చోట మళ్లీ చిరగడం కొంత తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో కనిపించింది. అయితే నొప్పి, చేతి బలం విషయంలో పెద్ద తేడా ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. మెనిస్కస్ కుట్టినప్పుడూ మేలు చూపిన అధ్యయనాలు ఉన్నాయి. కబడ్డీ ఆడే పిల్లలకు ఎక్కువగా తెగే ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్ ఆపరేషన్‌లో ఫలితాలు ఒక్క తీరుగా లేవు. మోకీలు మార్పిడిలో, అంటే అరిగిన కీలు తీసేసి లోహం, ప్లాస్టిక్ పెట్టేటప్పుడు, పీఆర్‌పీ వల్ల నిలకడైన లాభం కనిపించలేదు. మోకీలు మార్చేటప్పుడు "ఇది కూడా వేయిద్దాం, తొందరగా మానుతుంది" అంటే నేనైతే ఎందుకని గట్టిగానే అడుగుతాను.

ఆపరేషన్ లేకుండా మోకాలి అరుగుదలకు ఇంజెక్షన్‌గా ఇచ్చేది వేరే కథ. అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది నొప్పి తగ్గించవచ్చని ఉంది గానీ, ఆధారం బలం పరిమితమే అని కూడా రాశారు. అదే 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉప్పునీటి ఇంజెక్షన్, వారానికొకటి చొప్పున మూడు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోగానీ గుజ్జు పరిమాణంలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. "గుజ్జు మళ్లీ పెరుగుతుంది" అని ఫ్లెక్సీ మీద రాసి కనిపిస్తే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ప్రకాశం పడమటి ఊళ్లవాళ్లకు ఇంకొక మాట. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫ్లోరోసిస్ వల్ల నడుము, మోకాళ్లు బిగుసుకుపోయి వచ్చే నొప్పికి పీఆర్‌పీ మందు కాదు. ఇంజెక్షన్‌కు ఒప్పుకునే ముందు "మాది ఫలానా ఊరు, చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగాం" అని డాక్టరుకు చెప్పండి. ఎక్స్‌రే చూసే కన్నుకు ఆ ముక్క చాలా పనికొస్తుంది.

డాక్టరు ముందు అడగాల్సినవి

మనవాళ్లకు డాక్టరును అడగడమంటే మొహమాటం. చీటీ మీద రాసుకుని వెళ్లండి, చదివేయండి. నేను రాసుకున్నవి ఇవి.

నా జబ్బుకు ఇది ఎందుకు? వేయకపోతే ఏమవుతుంది? ఆపరేషన్‌లోనే పెడతారా, తర్వాత ఇంజెక్షన్‌గానా? ఎన్నిసార్లు? తెల్లకణాలు ఉంచుతారా, తీసేస్తారా? తయారుచేసేది సీల్ ఉన్న కిట్‌తోనా, మామూలు ల్యాబ్ ట్యూబులతోనా? బిల్లులో దీనికి విడిగా ఎంత?

తెల్లకణాల ప్రశ్న కొంచెం వింతగా అనిపించవచ్చు. తెల్లకణాలు ఎక్కువున్న పీఆర్‌పీ వాపును ఎక్కువ చేస్తుంది, అందుకని కీలు లోపలికి ఇచ్చేటప్పుడు అవి తక్కువున్న రకాన్నే చాలామంది ఇష్టపడతారు. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే డాక్టరుకు ఈ పని అలవాటేనని అర్థం. మా డాక్టరు గారు చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పారు. అప్పటిదాకా మూతి ముడుచుకుని కూర్చున్న మామ ఆ బొమ్మ చూశాకే సరేనన్నాడు.

డబ్బు సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. ఆపరేషన్ ప్యాకేజీలో పీఆర్‌పీ కలిసి ఉండకపోవచ్చు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద వెళ్తుంటే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసేవాళ్లను అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే చేరే ముందే కంపెనీ నుంచి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఫోన్లో "వస్తుంది సార్" అన్న మాట డిశ్చార్జ్ రోజు పనికిరాదు.

ఎవరికి వద్దు

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువ ఉంటే దీనివల్ల ఉపయోగం లేదు. ఈమధ్యే డెంగీ వచ్చి తగ్గినవాళ్లు మళ్లీ కౌంట్ చేయించుకునే ముందుకు పోవాలి. జ్వరం, ఒంట్లో ఎక్కడైనా చీము పట్టిన పుండు, పంటి ఇన్ఫెక్షన్, రక్త సంబంధమైన కేన్సర్ ఉన్నవాళ్లకు వేయరు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, బాగా రక్తహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగానే చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే పీఆర్‌పీ సంగతి అలా ఉంచి, ఆపరేషన్ గాయమే సరిగా మానదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొత్తది చేతిలో ఉంచుకోండి.

వారం ముందు నుంచి: మాత్రల పట్టీ వెనక్కి తిప్పి చదవండి

మేము దెబ్బ తిన్నది ఇక్కడే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. అందుకని కనీసం వారం ముందు ఆపమంటారు. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ వేసుకోమన్నారు. సరేనని మామ ఊళ్లో మందుల షాపుకు వెళ్లి పారాసిటమాల్ అడిగితే, "ఇది ఇంకా బాగా పనిచేస్తుంది" అని ఒక పట్టీ ఇచ్చారట. దాని మీద పారాసిటమాల్ అని రాసి ఉంది, నిజమే. దాని పక్కనే ఎసిక్లోఫెనాక్ అని కూడా ఉంది. నాలుగు రోజులు పూటకొకటి చొప్పున వేసుకున్నాడు. ఆపరేషన్ ముందురోజు నర్సు సంచిలో మందులు బయటపెట్టించి చూస్తే బయటపడింది. తేదీ పది రోజులు వెనక్కి పోయింది. అద్దె కారు డబ్బులు, తోటలో కూలీలకు ఇచ్చిన బయానా, అన్నీ బూడిదలో పోసినట్టయ్యాయి.

కాబట్టి పట్టీ మీద పేర్లన్నీ చదవండి, చదవడం రాకపోతే పిల్లల చేత చదివించండి. పారాసిటమాల్ ఒక్కటే ఉండాలి. "నాటు మందు" పేరుతో అమ్మే నొప్పుల పొడులు కూడా ఆపండి, వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉంది. కొన్నాళ్ల కిందట కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే తేదీతో సహా చెప్పండి, మధ్యలో కొన్ని వారాల ఎడం ఉండాలంటారు.

ఇంకొకటి, ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లో, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లో వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు కూడా ప్లేట్‌లెట్ల మీదే పనిచేస్తాయి. వాటిని మీ అంతట మీరు ఆపకండి. గుండె డాక్టరూ ఎముకల డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. మాత్రలు ఆపడం కుదరదంటే పీఆర్‌పీ వదిలేయడమే మంచిది.

బీడీ, సిగరెట్, గుట్కా ఈ వారంలోనే మానేస్తే మేలు. పొగ వల్ల చిన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, కుట్టిన టెండన్ అతుక్కోవడం ఆలస్యమవుతుంది. మా మామ బీడీ మానలేదు, దాచుకుని కాల్చాడు. ఆయనకు చెప్పి లాభం లేదు.

ఆ రోజు

ఉత్త ఇంజెక్షన్ అయితే ఇడ్లీ తిని, నీళ్లు బాగా తాగి వెళ్లండి. నెల్లూరు ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గితే నరం దొరకదు, రెండుచోట్ల పొడవాల్సి వస్తుంది. మత్తు ఇచ్చే ఆపరేషన్ అయితే వాళ్లు చెప్పిన గంట నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకండి.

రక్తం తీసేటప్పుడు పక్కన ఉండే మీరు చూడాల్సింది ఒకటే: ట్యూబు మీద మీ వాళ్ల పేరు అక్కడికక్కడే రాశారా లేదా. ఒకే ఉదయం ఇద్దరు ముగ్గురికి చేసే చోట ట్యూబులు తారుమారైతే ఒకరి రక్తం ఇంకొకరి కీలులోకి పోతుంది. అడగడానికి సిగ్గుపడొద్దు. సూదులు, ట్యూబులు కొత్త సీలు విప్పి వాడుతున్నారా అన్నదీ చూడండి. 20 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా తీస్తారు. అది చూసి కళ్లు తిరగాల్సిన పని లేదు, రక్తదానంలో ఇచ్చేది 350 మిల్లీలీటర్లు.

మిషన్ ఒకసారి తిప్పేవాళ్లున్నారు, రెండుసార్లు తిప్పేవాళ్లున్నారు. రెండోసారి తిప్పితే ఇంకా చిక్కబడుతుంది. తయారైంది ఫ్రిజ్‌లో పెట్టి రేపు వాడేది కాదు, అక్కడే అప్పుడే వాడాలి. చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్‌లో కీలులో నీళ్లు పారిస్తూ ఉంటారు, ముందే పోస్తే కొట్టుకుపోతుంది. అందుకని కుట్టడం అయి, నీళ్లు తీసేశాక చివర్లో పెడతారు, లేదా గడ్డలా కట్టించి కుట్ల మధ్య ఉంచుతారు. కొందరు కాల్షియం క్లోరైడ్ కలిపి ప్లేట్‌లెట్లను రేపుతారు. అలా రేపాక వాటిలో నిల్వ ఉన్న కారకాల్లో ఎక్కువ భాగం గంటలోపే బయటికి వస్తుంది. ముందే కలిపి పక్కన పెట్టే పని కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

విడిగా ఇంజెక్షన్ అయితే అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ ఇచ్చే చోట చేయించుకోండి. భుజం లాంటి చోట చేత్తో తడిమి గుచ్చితే అర అంగుళం పక్కకు పోవచ్చు.

ఇంటికి వచ్చాక

ఇంజెక్షన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు నొప్పి, వాపు పెరుగుతాయి. "వేయించుకోకముందే బాగుండె" అని తిట్టుకుంటారు. కంగారు పడకండి, మానడం మొదలయ్యేదే వాపుతో. ఆ వాపును అణచేసే నొప్పి మాత్రలు ఇప్పుడు కూడా వద్దు. కనీసం రెండు వారాలు పారాసిటమాల్‌తోనే నెట్టుకురమ్మంటారు. ఆపరేషన్ జరిగినవాళ్లకు డాక్టరు రాసిచ్చిన మందులు వేరే ఉంటాయి, అవే వాడండి. ఐసు పెట్టాలా వద్దా అన్నది కూడా మీ డాక్టరు మాటే.

ఇంటికి చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక వైద్యం చెబుతారు. ఉప్పు మూట కాపడం, ఆముదం, కట్టు కట్టించడం. మర్యాదగా టీ ఇచ్చి పంపించండి. కుట్టిన చోట మర్దన చేస్తే కుట్లు ఊడతాయి.

జ్వరం, చలి, రోజురోజుకీ పెరిగే ఎరుపు, గాయం నుంచి రసి కారడం, నాలుగు రోజులైనా తగ్గని పోటు ఉంటే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. కాలు ఆపరేషన్ అయితే పిక్క గట్టిపడి నొప్పి పెట్టడం, ఆయాసం రావడం ఇంకా ప్రమాదం. ఉదయగిరి, గిద్దలూరు లాంటి దూరపు ఊళ్లవాళ్లు మొదటి రెండు మూడు రోజులు ఆసుపత్రి ఉన్న టౌన్లోనే చుట్టాల ఇంట్లో ఉంటే రాత్రిపూట టెన్షన్ తప్పుతుంది.

ఫిజియోథెరపీ

పీఆర్‌పీ వేసింది గదా, కసరత్తు ఎందుకులే అనుకునేవాళ్లను ఫిజియో హాల్లో నేను కనీసం నలుగురిని చూశాను. ప్లేట్‌లెట్ ఒంట్లో బతికేదే పది రోజులు. టెండన్ ఎముకకు గట్టిగా పట్టుకోవడానికి నెలలు కావాలి. ఆ నెలలన్నీ మీ పనే.

భుజం కుట్టినవాళ్లకు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే, అంటే మెడకు వేలాడదీసే పట్టీలోనే ఉంటుంది. ఈలోపు వేళ్లు, మణికట్టు, మోచెయ్యి ఆడిస్తూ, భుజాన్ని ఇంకొకరి సాయంతో మెల్లగా కదిలించాలి. తర్వాత సొంతంగా ఎత్తడం. బరువులు మూడో నెల దాటాకే. ఏసీఎల్ చేయించుకున్న కుర్రాళ్లు తొమ్మిది నెలలకు ముందు గ్రౌండ్‌లో దిగకూడదు, నొప్పి లేకపోయినా సరే. రోజూ నెల్లూరు వెళ్లి రాలేకపోతే ఫిజియో చేయించే కసరత్తును ఫోన్లో వీడియో తీసుకుని, ఇంటి దగ్గర అదే లెక్కన చేయించండి. వారానికోసారి చూపించుకుంటే సరిపోయేలా ఒప్పించుకోవచ్చు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఆదివారం ఆదివారం నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె, చెయ్యి ఎంతవరకు లేచింది, రాత్రి నిద్ర పట్టిందా, ఈ మూడే రాయాలి. మా మామది మొదటి ఆదివారం ఎనిమిది, ఆరో వారానికి నాలుగు, పన్నెండో వారానికి రెండు. ఈ తగ్గుదలలో ఆపరేషన్ వాటా ఎంత, కసరత్తు వాటా ఎంత, పీఆర్‌పీ వాటా ఎంత అని డాక్టరు గారిని అడిగితే నవ్వి, "విడదీసి చెప్పలేనండీ" అన్నారు. నిజాయితీ ఉన్న మనిషి.

రెండో పీఆర్‌పీ ఇంజెక్షన్ అంటే ఆ నోట్‌బుక్ ముందు పెట్టి మాట్లాడండి. అంకెలు దిగుతూ ఉంటే ఇంకోటి ఎందుకని అడగొచ్చు. మూడు నెలలైనా అంకె కదలకపోతే మళ్లీ అదే వేయించుకునే కన్నా స్కాన్ తీయించి కుట్లు నిలిచాయో లేదో చూడటం ముందు పని.

ఎనిమిదో నెలలో మామ మళ్లీ తోటలోకి దిగాడు. దోటి మాత్రం ఇప్పుడు మా అత్త చేతిలో ఉంది, ఆయన కింద నిలబడి కాయలు ఏరుతున్నాడు. బస్తా మోయడానికి ఇంకా అనుమతి రాలేదు.